నూట పద్దెనిమిది ప్రయత్నాలు

ఆ ప్రసూతి ఆసుపత్రిలో కంప్యూటర్ ఒకటే, ఫోను లైనూ ఒకటే. ఆ రెంటికీ సంబంధం కుదిర్చిన పెద్దమనిషి కంప్యూటరబ్బాయి. పేరుకే అబ్బాయి. ముప్పై నాలుగేళ్లు దాటాయి, నెత్తిమీది జుట్టు ఒక్కొక్కటే సెలవు తీసుకుంటోంది. అయినా మొదటిరోజు డాక్టరమ్మ అలా పిలిచింది కాబట్టి అందరికీ అదే అలవాటైపోయింది.

అతను అక్కడ పెట్టిన ఏర్పాటు చెప్పుకోవడానికి చిన్నదే. పొద్దున ఏడు దాటాక కంప్యూటర్ స్విచ్చి వేస్తే, దాన్ని నడిపించే లినక్స్ అనే వ్యవస్థ లేస్తుంది. లేస్తూనే, పక్కనున్న మోడెమ్ అనే చిన్న పెట్టె చేత నగరంలోని పెద్దాసుపత్రికి ఫోను చేయిస్తుంది. అక్కడి మోడెమ్ ఎత్తగానే నిన్నటి కాన్పుల వివరాలూ, ఏ మందులు ఎన్ని ఉన్నాయన్న జాబితా పంపించి, పెట్టేస్తుంది. అంతా కలిపి రెండు నిమిషాలు. ఆ తర్వాత రోజంతా లైను మనుషులదే.

అటువైపు ఎత్తకపోతే ఏం చేయాలన్నదే అసలు చిక్కు. మొదట్లో అతను పద్ధతిగానే రాశాడు: ఐదుసార్లు ప్రయత్నించు, మధ్యలో పది నిమిషాలు ఆగు, అప్పటికీ కలవకపోతే ఊరుకో. కానీ కంప్యూటర్ ఊరుకున్న రోజు డాక్టరమ్మ ఊరుకునేది కాదు. "ఏమయ్యా, మీ కంప్యూటర్ మళ్లీ అలిగింది, వచ్చి బుజ్జగించు" అని కబురు పెట్టేది. అతను రెండు బస్సులు మారి వచ్చి, ఒక్క మీట నొక్కి, మళ్లీ రెండు బస్సులు మారి ఇంటికి పోయేవాడు. మూడోసారి వచ్చిన రోజు విసుగు నెత్తికెక్కింది. ఐదుసార్లన్న హద్దు తీసి పారేశాడు. మధ్యలో ఆగే పది నిమిషాల్ని ఐదు సెకన్లు చేశాడు. కలిసేదాకా అదే చేసుకుంటూ ఉంటుంది, తన ప్రాణం తీయదు, అంతే. మోడెమ్ కీచుమని అరుస్తుంటే బాలింతలు ఉలిక్కిపడుతున్నారని డాక్టరమ్మ అంటే, పనిలో పనిగా దాని స్పీకరు నోరు కూడా నొక్కేశాడు. ఆ రోజు తన తెలివికి తనే మురిసిపోతూ బస్సెక్కాడు. సెట్టింగు మార్చినట్టు ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాసి పెట్టలేదు.

ఫోను దగ్గర కూర్చునే ఆవిడని అందరూ ఫోనక్క అనేవారు. ఆవిడకన్నా పదేళ్లు పెద్దదైన డాక్టరమ్మ కూడా ఫోనక్కే అనేది. పొద్దున కంప్యూటర్ స్విచ్చి వేసేది ఆవిడే. "స్విచ్చి వేసి వదిలెయ్ అక్కా, తతిమ్మాది అదే చూసుకుంటుంది" అని అతను నేర్పాడు. రోజూ ఎనిమిదింటికి అతను ఫోను చేసి, జాబితా వెళ్లిందా అని అడిగేవాడు. ఆవిడ గొంతు గుర్తుపట్టి, "ఏం తమ్ముడూ, బతికే ఉన్నావా?" అనేది. రోజూ అదే మాట. అయినా రోజూ అతనికి నవ్వొచ్చేది.

ఫోనక్కకి ఒకే ఒక బలహీనత ఉంది. చెల్లెలింట్లో ఉంటున్న తల్లితో పొద్దునపూట రెండు మాటలు మాట్లాడకపోతే ఆవిడకి తెల్లవారదు. ఆ తల్లికి చెవులు సరిగా వినపడవు. రెండు మాటల్నీ నాలుగేసిసార్లు అరిచి చెప్పాల్సి వచ్చేది కాబట్టి, ఆ తల్లి మోకాళ్లు ఏ రోజు ఎంత సలుపుతున్నాయో ఆసుపత్రి మొత్తానికి తెలుసు. రెండేళ్లుగా ఫోనక్కది తాత్కాలికపు ఉద్యోగం. ఈ నెలాఖరుకి ఖాయం చేస్తానని డాక్టరమ్మ మాట ఇచ్చింది. ఆ మాట పట్టుకుని ఆవిడ ఇల్లు కూడా ఆసుపత్రి దగ్గరికి మార్చుకుంది.

ఆ మంగళవారం పెద్దాసుపత్రిలో గోడలకి రంగులు వేస్తూ, అక్కడి మోడెమ్‌ని ఊడదీసి బీరువా మీద పెట్టారు. ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు.

ఎనిమిదింటికి కంప్యూటరబ్బాయి ఎప్పట్లాగే ఫోను చేశాడు. ఎంగేజ్. మళ్లీ చేశాడు. ఎంగేజ్. "అమ్మగారి మోకాళ్లు ఇవాళ గట్టిగానే సలుపుతున్నట్టున్నాయి" అని భార్యతో అని, నవ్వుకుని, స్నానానికి పోయాడు.

పదకొండింటికి డాక్టరమ్మ నుంచి ఫోను వచ్చింది. ఈసారి అలగడాలూ బుజ్జగించడాలూ లేవు. "ఉన్నపళంగా రా" అంది.

అతను వెళ్లేసరికి డాక్టరమ్మ గదిలో నలుగురున్నారు. బల్ల వెనక డాక్టరమ్మ. కిటికీ దగ్గర ఆసుపత్రి వ్యాను డ్రైవరు. తలుపు పక్కన గోడకి ఆనుకుని ఫోనక్క. మధ్యలో మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయిన ఒక దర్జీ. అతని చొక్కా ముందుభాగమంతా నెత్తురు మరకలు.

"పదకొండుసార్లు చేశానండీ," అన్నాడు దర్జీ. "ఎదురు కొట్టు ఫోను నుంచి పదకొండుసార్లు. ఎప్పుడు చేసినా ఎంగేజే! వ్యాను ఇక్కడే ఖాళీగా ఉందట కదా. చివరికి క్యాబేజీలు దింపుతున్న బండిని ఆపి, బస్తాల మీద పడుకోబెట్టి తెచ్చుకున్నాను. దారిలోనే పుట్టేసింది పిల్ల. ఈవిడ మాత్రం ఇక్కడ కబుర్లు చెప్పుకుంటోంది."

పిల్ల ఒళ్లు చల్లబడిపోతే వెచ్చటి పెట్టెలో పెట్టారు. తల్లికి రక్తం బాగా పోయింది. ఇద్దరికీ ప్రాణాపాయం లేదని డాక్టరమ్మ అప్పటికి రెండుసార్లు చెప్పింది. కానీ లేదని చెప్పిన ప్రతిసారీ అది ఎంత దగ్గరిదాకా వచ్చి పోయిందో అందరికీ తెలుస్తూనే ఉంది.

"నేనెవరితోనూ మాట్లాడలేదు డాక్టరమ్మా," అంది ఫోనక్క. అప్పటికే చాలాసార్లు చెప్పి ఉంటుంది, గొంతు బొంగురుపోయింది. "అమ్మతో ఏడింటికే ఒక్క నిమిషం మాట్లాడి పెట్టేశాను. ఆ తర్వాతే కంప్యూటర్ వేశాను. ఇంక ఎప్పుడు ఫోనెత్తినా చప్పుడే లేదు. ఒక్కోసారి టోను వచ్చేది, నంబరు నొక్కేలోపు మళ్లీ చచ్చిపోయేది. అందుకేగా డ్రైవర్ని సైకిలు మీద ఎక్స్ఛేంజికి పంపించాను."

"లైన్‌మన్ వచ్చి చూశాడు," అంది డాక్టరమ్మ, బల్లమీది చీటీ చేతిలోకి తీసుకుని. "లైను బాగుంది, తీగలో లోపం లేదు అని రాసిచ్చాడు. ఆయన వచ్చాక ఫోను కూడా బాగానే పనిచేస్తోంది." ఆ లైన్‌మన్ ఎవరో కాదు, కంప్యూటరబ్బాయికి సొంత మేనమామ. మూడేళ్ల కిందట ఇదే గదిలో నిలబడి, "మా మేనల్లుడు, చెయ్యి మంచిది, నాదీ పూచీ" అని అతనికి ఈ పని ఇప్పించింది ఆయనే.

డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. నీ కంప్యూటర్ గానీ లైను పట్టుకుని కూర్చునే అవకాశం ఉందా?"

సరిగ్గా అప్పుడు అతనికి గుర్తొచ్చింది. తీసేసిన హద్దు, ఐదు సెకన్లు, నోరు నొక్కిన స్పీకరు, మూడూ ఒకదాని వెనక ఒకటి కళ్లముందు కదిలాయి. పక్కగదిలోకి వెళ్లి రెండు నిమిషాలు చూసొస్తానంటే సరిపోయేది. కానీ దర్జీ చొక్కా ఎదురుగా ఉంది, మామయ్య పూచీ ఉంది, చూసొస్తే ఏం కనబడుతుందోనన్న భయం ఉంది. చూడకపోతే తనకి తెలియనట్టే కదా!

"అది రెండు నిమిషాల పని మేడమ్," అన్నాడు. "ఏడుంపావుకల్లా ముగించేసుకుంటుంది."

అక్కడితో నోరు మూసుకున్నా కొంత నయంగా ఉండేది. మూసుకోలేదు. "బయటివాళ్లకి ఎంగేజ్ వచ్చిందంటే లోపల ఎవరో మాట్లాడుతున్నట్టే లెక్క" అని, అడగని మాటొకటి తగిలించాడు.

ఫోనక్క అతని వైపు చూసింది. కోపంగా కాదు, ఆశ్చర్యంగా.

"ఇంకేం కావాలి?" అంది డాక్టరమ్మ. "ఫోనక్కా, తప్పు ఒప్పుకుని రాసిస్తే ఏం చేయాలో ఆలోచిస్తాను. లేదంటే నెలాఖరుకి వేరే మనిషిని చూసుకుంటాను."

అందరూ భోజనాలకి వెళ్లాక అతను ఫోను గదిలోకి పోయి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఏ నిమిషానికి ఏం చేసిందీ కంప్యూటర్ దాచకుండా రాసి పెట్టుకుంటుంది. ఆ పట్టీ తెరిచాడు. ఏడూ పదికి ఫోను చేసింది. అటువైపు ఎత్తలేదు. నిమిషం పైన మోగించి పెట్టేసి, ఐదు సెకన్లు ఆగి, మళ్లీ చేసింది. మళ్లీ. మళ్లీ. తొమ్మిదీ ముప్పై ఎనిమిది దాకా నూట పద్దెనిమిదిసార్లు, విసుగన్నది లేకుండా, అక్షరాలా తను చెప్పినట్టే చేసింది. ఫోను తీగ మోడెమ్ గుండానే వెళ్తుంది కాబట్టి, అంతసేపూ బయటివాళ్లకి ఎంగేజ్, లోపలి ఫోనుకి ప్రాణం లేదు. ఎనిమిదింటి దగ్గరి వరసల మీద అతని కళ్లు ఆగిపోయాయి. తను నవ్వుకున్న ఎంగేజ్ అదే. పక్కనే అద్దాల అవతల దర్జీ పిల్ల వెచ్చటి పెట్టెలో ఉంది. నర్సులు దానికి అప్పుడే 'క్యాబేజీ పాప' అని పేరు పెట్టి ముద్దు చేస్తున్నారు. అతనికి తలెత్తి అటు చూసే ధైర్యం లేకపోయింది.

తొమ్మిదీ ముప్పై ఎనిమిది తర్వాత వరసలన్నీ ఒక్కటే: మోడెమ్ పలకడం లేదు. ఎందుకు పలకలేదా అని బల్ల వెనక్కి వంగి చూశాడు. మోడెమ్ కరెంటు తీగని ఎవరో ప్లగ్గులోంచి పీకి, ఎనిమిది అంకెలా పొందిగ్గా చుట్టి, చివర ముడేసి పెట్టారు. అలా చుట్టే మనిషి అతనికి ఒక్కరే తెలుసు. చిన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని తనకీ నేర్పింది ఆయనే. అతనికి తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం ఎండ వాలకముందే మామయ్య ఇంటికి వెళ్లాడు. మామయ్య వరండాలో నేలమీద కూర్చుని సంచిలోని పటకార్లకి గుడ్డతో నూనె రాస్తున్నాడు. అత్తయ్య కుర్చీ వేసి, ఇద్దరి మొహాలూ చూసి, మంచినీళ్ల మిషతో లోపలికి వెళ్లిపోయింది.

"చూశావా?" అన్నాడు మామయ్య, తలెత్తకుండా.

"చూశాను మామయ్యా."

"స్తంభం దగ్గర నా ఫోను తగిలించి విన్నాను. లైను మీద అంకెలు నొక్కుతున్న చప్పుడు వచ్చింది. అంత గడగడా మనిషి నొక్కలేడు. ఆగి, మళ్లీ అదే పాట. లోపలికెళ్లి నీ పెట్టె పీకాను, ఫోను పలికింది. ఫోను దగ్గర కూర్చునే ఆ పిల్ల బల్లకి ఇవతలే నిలబడి ఉంది. నేనేం పీకానో తెలియక 'ఏమైంది బాబాయ్' అని అడిగింది. ఏం లేదమ్మా, లైను బాగానే ఉంది అన్నాను." పటకారు కింద పెట్టాడు. "ముప్పై ఏళ్లు స్తంభాలెక్కాను రా. ఒక్క తప్పు చీటీ రాయలేదు. ఇవాళ రాసింది కూడా తప్పు కాదు. లైను బాగానే ఉంది. తీగలో లోపం లేదు. ప్రతి ముక్కా నిజమే. అందుకే మధ్యాహ్నం నుంచి మెతుకు దిగడం లేదు."

"నాకోసం ఎందుకు మామయ్యా..."

"నీకోసమో, పూచీ పడ్డ నాకోసమో! ముందు నిన్నడిగి తేల్చుకుందాం అనుకున్నాను. నువ్వొచ్చి నిజం చెప్పేస్తావనుకున్నాను. డ్రైవరు చెప్పాడు, నువ్వేం చెప్పావో."

చిన్నప్పుడు పలక పగలగొట్టి పక్కింటి పిల్ల మీదికి తోసిన రోజు కూడా ఇదే వరండాలో ఇలాగే నిలబడ్డాడు. అప్పుడు ఒక దెబ్బతో పోయింది. ఇప్పుడు మామయ్య కొట్టినా బాగుండుననిపించింది. మామయ్య కొట్టలేదు. జేబులోంచి మడిచిన చీటీ తీసి చేతిలో పెట్టాడు. 'లైను బాగుంది. కంప్యూటర్ మోడెమ్ లైనుని వదలకుండా పట్టుకుని ఉంది. మోడెమ్ తీసేశాను. మొదటి చీటీలో ఈ సంగతి రాయకపోవడం నా తప్పు.' కింద సంతకం, తేదీ.

"రేపు నీ మాటతో పాటు ఇదీ ఇవ్వు. నువ్వు వెళ్లకపోతే నేనే వెళ్తాను," అన్నాడు.

మర్నాడు పొద్దున కంప్యూటర్ పట్టీని కాగితాల మీద అచ్చుకొట్టించుకుని, డాక్టరమ్మ కంటే ముందే ఆసుపత్రికి వెళ్లాడు. ఆవిడ రాగానే గదిలోకి వెళ్లి కాగితాలూ చీటీ బల్లమీద పెట్టాడు. అక్కడ ఇంకో కాగితం అప్పటికే ఉంది. ఫోనక్క చేతిరాత. తల కిందులుగా ఉన్నా చదవగలిగాడు. 'నిన్న పొద్దున నేను మా అమ్మతో ఎక్కువసేపు మాట్లాడిన మాట నిజం. దయచేసి ఈ ఒక్కసారికి...' ఆ తర్వాత చదవలేకపోయాడు.

చెప్పాల్సింది చెప్పాడు. డాక్టరమ్మ కాగితాలు తిరగేసింది, చీటీ చదివింది. ఫోనక్కనీ, ఆసుపత్రిలోనే ఉన్న దర్జీనీ పిలిపించింది. వాళ్లముందు సంగతి చెప్పి, "సర్లే, యంత్రమన్నాక ఇలాంటివి తప్పవు. ఇతను మాత్రం కావాలని చేశాడా? ఇకనుంచి జాగ్రత్తగా ఉండు" అంది. ఫోనక్క రాసిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసింది. "నీ ఉద్యోగానికేం ఢోకా లేదమ్మా" అంది.

ఫోనక్కకి రోజంతా బతిమాలినా దొరకనిది అతనికి అర నిమిషంలో దొరికింది. ఆ దొరకడమే అతనికి తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

"యంత్రం తప్పు కాదు మేడమ్," అన్నాడు. "నేను చెప్పిందే అది చేసింది. నిన్న మీరడిగినప్పుడు చూడకుండానే కాదన్నాను."

దర్జీ ఆ కాగితాల వైపు కాసేపు చూశాడు. చదవలేదు. ఫోనక్క దగ్గరికి వెళ్లి రెండు చేతులూ జోడించి, "నిన్న నోటికొచ్చినట్టు తిట్టానమ్మా" అని, ఏడుపు ఆపుకుంటూ వెళ్లిపోయాడు. కంప్యూటరబ్బాయిని ఒక్క మాట అనలేదు.

ఫోను గదిలో ఇద్దరే మిగిలారు. అతను కుర్చీ లాక్కుని సెట్టింగులు మార్చడం మొదలుపెట్టాడు. మూడుసార్లు ప్రయత్నించు, మధ్యలో అరగంట ఆగు, అప్పటికీ కలవకపోతే ఊరుకో. స్పీకరు నోరు తెరిచాడు. మార్చిందంతా ఒక అట్టముక్క మీద తెలుగులో రాసి, మోడెమ్ పైన అతికించాడు. అతని వేళ్లు పనిచేస్తున్నంతసేపూ ఆవిడ వెనక నిలబడే ఉంది.

"ఒక్కటి అడుగుతాను," అంది ఫోనక్క. "నిన్న అలా అన్నప్పుడు, నీకు తెలుసా?"

తెలియదని చెప్పడానికి దారి ఉంది. పట్టీ చూసింది తర్వాతే కదా. నిన్నటి అబద్ధం కూడా ఈ దారినే వచ్చింది.

"అనుమానం వచ్చిందక్కా."

ఆవిడ తలూపింది. "నాకూ వచ్చింది, నామీద నాకే. నువ్వంతటివాడివి చెప్పావు, మామయ్యగారు రాసిచ్చారు. ఇందరు చెబుతుంటే నేనే ఎక్కువసేపు మాట్లాడానేమో, గుర్తులేదేమో అనుకున్నాను. ఆ కాగితం రాసేటప్పటికి నిజంగానే మాట్లాడాననిపించింది. ఇవాళ పొద్దున అమ్మకి ఫోను చేయలేదు. చేయబుద్ధి కాలేదు."

"అక్కా, నన్ను నాలుగు తిట్టు. పోనీ, ఒక దెబ్బ వెయ్యి."

ఆవిడ తిట్టలేదు. అతని పక్కనుంచి చెయ్యి చాపి, బల్ల మీదున్న తన కళ్లజోడు తీసుకుని ఫోను దగ్గరికి వెళ్లి కూర్చుంది.

మర్నాడు పెద్దాసుపత్రివాళ్లు మోడెమ్ తిరిగి తగిలించారు. ఎనిమిదింటికి అతను ఫోను చేశాడు. మొదటిసారి మోగగానే ఫోనక్క ఎత్తింది.

"నమస్కారం, ఆసుపత్రి. చెప్పండి."

"నేనక్కా."

"చెప్పండి."

గొంతు గుర్తుపట్టింది. పట్టిందని అతనికి తెలుస్తూనే ఉంది.

"జాబితా వెళ్లిందా అని..."

"మొదటిసారికే కలిసిందండీ. ఇంకేమైనా ఉందా?"

"ఏం లేదక్కా."

ఆవిడ పెట్టేయలేదు. మర్యాదగా, అతనే ముందు పెట్టేస్తాడని ఆగింది. అతను పెట్టేశాడు.

నెలాఖరుకి ఆవిడ ఉద్యోగం ఖాయమైంది. క్యాబేజీ పాప బరువు పెరిగి ఇంటికి వెళ్లింది. కంప్యూటర్ ఏ రోజూ రెండోసారి ప్రయత్నించాల్సిన అవసరం రాలేదు. జాబితా సంగతి అడగాల్సిన పనే లేదిప్పుడు. అయినా రోజూ పొద్దున ఎనిమిదింటికి అతను ఫోను చేస్తూనే ఉన్నాడు. అటునుంచి "చెప్పండి" అన్న మాట విన్నాక, ఒక్క క్షణం, "బతికే ఉన్నావా?" అన్న ఆ పాత మాట కోసం ఆగుతాడు.